కరెంటు తీసేసిన పాట

పోయిన ఉగాదికి మన సంఘం హాలులో జరిగిన సభకు వచ్చినవారికి ఈ సంగతి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పంచాంగ శ్రవణం అయినది, పిల్లల పద్యాలు అయినవి, మామ్మగారి పాట మొదలయ్యే సమయానికి మైకు కుయ్యిమని ఒక్క కేక వేసి ఊరుకున్నది. మైకు సెట్టు కుర్రవాడు తీగలు పీకి పెట్టి, పెట్టి పీకి, చెమట తుడుచుకుంటూ మా వంక చూశాడు. ఏర్పాట్లు చూసేవారిలో మేమూ ఒకరం గనుక మేము మరొకరి వంక చూశాము. మామ్మగారు మాత్రం ఎవరి వంకా చూడలేదు. కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నారు. ముందు రెండు వరుసలవారు కళ్లు ఒత్తుకున్నారు. వెనుక వరుసలవారు "ఏమిటి, మొదలైందా?" అని ఒకరినొకరు అడిగారు.

సభ ముగిసిన తరువాత పులిహోర పొట్లాల దగ్గర రిటైరైన స్టేషను మాస్టరుగారు తీర్పు చెప్పారు. "అసలు పాట అంటే ఇదీ! ఈ మైకులూ కరెంటూ వచ్చి పాటను పాడుచేశాయి" అన్నారు. చాలామంది తల ఊపారు. మేమూ ఊపాము. పెద్దవారు మాట్లాడితే తల ఊపడం మాకు ఇరవై ఏళ్లుగా ఆఫీసు నేర్పిన విద్య. అయితే మా ఆఫీసు మిత్రుని కుమారుడు, ఇంజనీరింగు చదువుతున్నవాడు, పక్కనే నిలబడి అంతా విన్నాడు. "మావయ్యా, సరిగ్గా ఈ తగాదా మీదనే అమెరికాలో ఒక రికార్డు ఉంది, వినండి" అని మా ఫోనులో పెట్టి ఇచ్చాడు. ఆనాటి నుంచి ఆఫీసుకు పోతూ వస్తూ బస్సులో దానినే వింటున్నాము. మొదట పది మాటలలో మూడైనా అందలేదు. ఇప్పుడు ఆరు అందుతున్నవి. ఈ నెల ఆ రికార్డు సంగతి చెప్పుకుందాము.

దాని పేరు 'ఫోక్ సింగర్', అనగా జానపద గాయకుడు. పాడినవాడు మడ్డీ వాటర్స్. 1963 సెప్టెంబరులో చికాగో నగరంలో పాడగా 1964లో చెస్ అనే రికార్డుల కంపెనీవారు విడుదల చేశారు. బ్లూస్ అనే పాటలకు కరెంటు గిటారు తగిలించి ఊరంతా అదరగొట్టినవారిలో మొదటి వరుసవాడు ఈయన. అటువంటివాడు కరెంటు గిటారు పక్కన పెట్టి, ఉత్త కర్ర గిటారుతో పాడిన రికార్డు ఇది.

బ్లూస్ అంటే ఏమిటో రెండు మాటలు చెప్పాలి. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పత్తి చేలలో పనిచేసిన నల్లజాతివారి పాట అది. మామూలుగా మొదటి చరణం ఒకసారి అని, దానినే మళ్లీ అని, మూడవదానితో జవాబు చెబుతారు. పన్నెండు కొలతల చట్రం. పాడేవాడు ఒక మాట అంటాడు, గిటారు దానికి బదులు పలుకుతుంది. మన హరికథలో దాసుగారు ఒక మాట అనగానే ఫిడేలు అందుకుంటుంది చూడండి, అలాంటిదన్నమాట.

మడ్డీ వాటర్స్ అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. 1913 ప్రాంతంలో మిసిసిపి రాష్ట్రంలో పుట్టాడు. తల్లి చిన్నతనంలోనే పోతే అమ్మమ్మ పెంచింది. పసితనంలో ఎప్పుడూ వాగు ఒడ్డున బురదలో ఆడుతుంటే ఆమె మడ్డీ అని పిలిచింది. మడ్డీ అంటే బురద అని. ఆ ముద్దుపేరే లోకానికి మిగిలింది. వాళ్లుండే ప్రాంతాన్ని డెల్టా అంటారు గాని, అది మన గోదావరి డెల్టా వలె సముద్రంలో కలిసే చోటు కాదు. మిసిసిపి, యాజూ అనే రెండు నదుల నడుమ వరదమట్టి పరచుకున్న బల్లపరుపు నేల. అక్కడ క్లార్క్స్‌డేల్ ఊరి దగ్గర స్టోవాల్ అనే తోటలో మడ్డీ పత్తి తీశాడు, తరువాత ట్రాక్టరు నడిపాడు, శనివారం రాత్రులు గిటారు వాయించాడు. చిటికెన వేలికి సీసా మెడ వంటి గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చి వాయించే పద్ధతి ఆయనది. గోటువాద్యం విన్నవారికి ఆ జారుడు కొత్తగా తోచదు. మాకు మొదట ఆ జారుడే అర్థమయింది, పాట తరువాత.

1941 ఆగస్టులో అలన్ లోమాక్స్ అనే తెల్లవాడు, ఫిస్క్ విశ్వవిద్యాలయంలో పనిచేసే జాన్ వర్క్ అనే నల్లజాతి పండితుడు కలిసి అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం కోసం పాటలు సేకరిస్తూ ఆ తోటకు వచ్చారు. దొంగసారా పట్టుకునేందుకు వచ్చిన సర్కారు మనుషులేమోనని మడ్డీ జంకాడట. సారా అమ్మడం కూడా ఆయన వ్యాపకాలలో ఒకటి మరి. తన గుడిసెలో కూర్చుని వారికి పాడి వినిపించాడు. కొన్నాళ్లకు టపాలో 20 డాలర్లూ, తన గొంతు ఉన్న రికార్డు ప్రతులు రెండూ వచ్చాయి. అందులో ఒకటి తీసుకుపోయి, డబ్బులు వేస్తే పాడే పెట్టెలో పెట్టించి, తన గొంతు తానే విన్నాడు. అంతవరకు తన పాట బయటినుంచి ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు గదా.

రెండేళ్లకు, 1943లో, ట్రాక్టరు కూలి గంటకు 22 సెంట్ల పైచిల్లర నుంచి 25 సెంట్లు చేయమని మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ మండిపడ్డాడు. ఇంక్రిమెంటు అర్జీ పెట్టుకుని తిట్లు తిన్నవారు మన పాఠకులలో తప్పక ఉంటారు. మనం మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాము, ఆయన చికాగో రైలెక్కాడు. గంటకు మూడు సెంట్ల లోపు తేడా! ఆ మేస్త్రీ ఒప్పుకుని ఉంటే ఈ కథ ఎటు పోయేదో.

చికాగోలో కాగితం ఫ్యాక్టరీలో పని, లారీ డ్రైవరు పని, రాత్రిళ్లు సారా దుకాణాలలో పాట. అక్కడ గ్లాసుల చప్పుడు, జనం కేకలు, తలుపు తీస్తే రోడ్డు మోత. కర్ర గిటారు నాలుగు బల్లల అవతల వినపడదు. మేనమామ ఒకాయన కరెంటు గిటారు ఇప్పించాడు. కరెంటు మోజు కొద్దీ వచ్చినది కాదు, వినపడక వచ్చినది. 1948లో పోలండు నుంచి వలస వచ్చిన చెస్ అన్నదమ్ముల కంపెనీలో ఆయన రికార్డు ఒకటి బయటికి రాగా, చికాగో దుకాణాలలో ఒకటి రెండు రోజులలోనే మొదటి ప్రతులన్నీ చెల్లిపోయాయి. కొన్నవారెవరు? ఆయనలాగే డెల్టా వదిలి వచ్చిన కూలీలు. వాళ్ల ఊరి జారుడు వాళ్ల నగరపు మోతలో వినిపించినది. ఆ తరువాత లిటిల్ వాల్టర్ మైకును నోటి బాజాతో కలిపి గుప్పిట్లో పట్టుకుని ఊదడం, ఓటిస్ స్పాన్ పియానో, డ్రమ్ములు, ఇలా దండు పెరిగింది. 1950 పాట 'రోలింగ్ స్టోన్' పేరునే ఇంగ్లండు కుర్రవాళ్లు 1962లో తమ బృందానికి పెట్టుకున్నారు.

ఇక అసలు కథ. 1958లో క్రిస్ బార్బర్ అనే ఇంగ్లీషు సంగీతకారుడు పిలిస్తే మడ్డీ ఓటిస్ స్పాన్‌తో కలిసి ఇంగ్లండు వెళ్లాడు. అక్కడి పెద్దమనుషులు బ్లూస్ అంటే గుడిసె ముందు పాత గిటారుతో పాడే ముసలి రైతు అనుకుని కూర్చున్నారు. ఈయన సూటు వేసుకుని, కరెంటు గిటారు తగిలించి, చికాగోలో వాయించినట్లే వాయించాడు. చెవులు మూసుకున్నారు కొందరు. పత్రికలవారు ఆ మోతను వింతగా రాశారు. ఆయన బిత్తరపోయాడు. ఇన్నాళ్లూ వినపడలేదని పెంచుకున్నది, ఇప్పుడు ఎక్కువ వినపడుతున్నదట!

ఇటు అమెరికాలో ఆయన రికార్డులు కొనే నల్లజాతి యువకులు సోల్ అనే కొత్త బాణీకి మళ్లుతున్నారు. అటు కాలేజీలలో చదివే తెల్ల కుర్రకారుకు జానపదం మీద మోజు పట్టుకున్నది. 1963లోనే మిసిసిపి జాన్ హర్ట్ అనే వృద్ధుణ్ణి, 1928లో రికార్డులిచ్చి తరువాత ఊళ్లో పశువులు కాసుకుంటున్నవాణ్ణి, వెదికి పట్టుకొచ్చి న్యూపోర్టు ఉత్సవంలో కూర్చోబెట్టారు. జనం పరవశించారు. చెస్ కంపెనీవారు ఇది చూశారు. మన దగ్గరా ఒక మిసిసిపివాడు ఉన్నాడు గదా, వాడి కరెంటు తీసేస్తే సరి అనుకున్నారు. దానికే ఆ పేరు: జానపద గాయకుడు. ఇరవై ఏళ్లుగా చికాగోలో ఉంటూ, దండు నడుపుతూ, మంచి కారులో తిరుగుతున్న మనిషిని, తోటలోనే ఉండిపోయినట్లు కనపడమన్నారు. ఏ తోట? మూడు సెంట్లు ఇవ్వని తోట.

మాకు ఇక్కడ కాస్త గుచ్చుకున్నది. ఆంధ్రదేశం నుంచి చుట్టాలు వచ్చినప్పుడు మన ఇళ్లలోని తెలుగు విని, "అబ్బ, ఎంత పాత మాటో! ఇంకోసారి అనండి" అంటారు. ముచ్చటపడే అంటారు, తప్పు లేదు. అదే నోట మనం ఇక్కడి బజారు మాట ఒకటి కలిపితే మాత్రం ముఖం చిట్లిస్తారు. మన తాతల నాటినుంచి ఇక్కడే బతికాము. రెండు మాటలూ మనవే. ఈ గోల మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

సరే, రికార్డుకు వద్దాము. గిటారుకు తోడు మిసిసిపి నుంచి ఒక పాతకాలపు వాయిద్యగాణ్ణి తీసుకురమ్మని కంపెనీవారు మడ్డీకి చెప్పారట. ఆయన తీసుకువచ్చినది బడ్డీ గై అనే 27 ఏళ్ల కుర్రవాణ్ణి. లూసియానాలో పుట్టి, 1957లో చికాగో చేరి, పొడుగాటి తీగ తగిలించుకుని కరెంటు గిటారుతో వీధిలోకి కూడా నడుచుకుంటూ పోయి వాయించే దుడుకువాడు! లెనార్డ్ చెస్ మండిపడ్డాడనీ, నోరు మూసుకుని ముందు వినమని మడ్డీ చెప్పాడనీ, విన్న తరువాత ఎవరూ మాట్లాడలేదనీ బడ్డీ గై పెద్దవాడయ్యాక నవ్వుతూ చెప్పుకునేవాడు. కుర్రవాడికి పాత బాణీ అంతా వచ్చు. మడ్డీ రికార్డులు అరగదీసి నేర్చుకున్నవాడు మరి.

గదిలో నలుగురే. మడ్డీ, బడ్డీ, నిలువెత్తు బాసు వాయించే విల్లీ డిక్సన్, డ్రమ్ముల మీద క్లిఫ్టన్ జేమ్స్. పియానో లేదు, నోటి బాజా లేదు. డ్రమ్ములు కూడా పక్కింటివాడు నిద్రలేస్తాడేమోనన్నట్లు వాయించాడు. మొత్తం తొమ్మిది పాటలు. మొదటిది తన ఇల్లు డెల్టాలో ఉన్నదని చెప్పే పాట. అందులో గిటారు ఒక తీగ మీటి ఆగుతుంది. ఆ ఆగిన చోట ఏమీ ఉండదు. మొదటిరోజు బస్సులో మాకు ఫోను చెడిపోయిందేమోనని అనుమానం వచ్చింది. అంతలో గొంతు వస్తుంది, చెవి పక్కన కూర్చుని మాట్లాడినట్లు. ఆ గొంతు గదిని నింపి, గోడకు తగిలి తిరిగి వచ్చేదాకా ఆయన తరువాతి మాట ఎత్తడు. తొందర లేదు. రెండవ పాట దూరం నుంచి రావలసిన ఫోను మీద. 1951లో ఇదే పాటను ఆయన కరెంటు గిటారుతో ఇచ్చి ఉన్నాడు. ట్రంకు కాలు బుక్ చేసి పోస్టాఫీసు బెంచీ మీద కూర్చున్న రోజులు మాకు కొద్దిగా జ్ఞాపకం. ఆ బెంచీ మీది నిశ్శబ్దం ఈ రెండవ రికార్డులో ఉన్నది, మొదటిదానిలో అంత లేదు.

ఇక్కడ స్టేషను మాస్టరుగారితో మాకు తగువు. ఇది కరెంటు లేని పాట కాదు. గిటారుకు కరెంటు తీసేశారు, మైకుకు తీయలేదు. మంచి మైకులు గొంతుకు దగ్గరగా పెట్టి, టేపు మీదకు ఎక్కించి, గుసగుసను గుసగుసగానే పట్టుకున్నారు. స్టోవాల్ తోటలో శనివారం రాత్రి నాట్యం చేసే జనం మధ్య ఇంత మెల్లగా పాడితే ఎవరు వింటారు? అక్కడ గొంతు చించుకోవలసిందే. అంటే ఇంత నెమ్మదైన పాట ఊళ్లో ఎప్పుడూ లేదు. అది చికాగోలో, కరెంటు ఉన్న గదిలో, 50 ఏళ్ల మనిషి కొత్తగా చేసిన పని. పాతది తీసి చూపించమన్నారు. ఆయన కొత్తది చేసి, పాతదని వారు వేసిన చీటీతోనే పంపించాడు. నేటికీ మంచి స్పీకర్లు కొన్నవారు వాటి సత్తా చూడడానికి ఈ రికార్డు పెడుతుంటారట. గుడిసె పాట అని అమ్మినదానికి పట్టిన గతి చూశారా.

అదే ఏడు అక్టోబరులో ఆయన మళ్లీ ఇంగ్లండు వెళ్లాడు. పోయినసారి అనుభవంతో ఈసారి కర్ర గిటారు పట్టుకుపోయాననీ, తీరా చూస్తే ఈ అయిదేళ్లలో అక్కడి కుర్రకారంతా కరెంటు గిటారు కోసం ఎదురుచూస్తున్నారనీ ఆయనే తరువాత చెప్పుకున్నాడు. వినేవారు ఎప్పుడూ నిన్నటి సభకు టిక్కెట్టు కొంటారు, పాడేవాడు వాళ్ల వెంట ఎంతని పరుగెత్తుతాడు?

పోనీ కంపెనీ లెక్క ఫలించిందా అంటే అదీ లేదు. అమ్మకాల పట్టికలలో ఈ రికార్డు పేరు రాలేదు. 1966లో వాళ్లే ఆయన పాత కరెంటు పాటలను పోగుచేసి 'అసలైన జానపద బ్లూస్' అని కొత్త అట్ట వేసి అమ్మారు. చీటీ మారితే సరుకు మారుతుందని షాపువాళ్ల నమ్మకం. 1968లో గాలి ఇంకోవైపు తిరగగానే 'ఎలెక్ట్రిక్ మడ్' అని, చెవులు చిల్లులుపడే కొత్త గిటార్ల నడుమ ఆయనను నిలబెట్టారు. అది ఆయనకే నచ్చలేదు. ఆ వేషం మేము పది నిమిషాలు విని ఆపేశాము. జానపదుడి వేషంలో మాత్రం ఆయన వేషం కింద నుంచి తన పని తాను చేసుకున్నాడు. 2003లో ఒక పేరున్న అమెరికా సంగీత పత్రిక ఎన్నిక చేసిన 500 గొప్ప రికార్డులలో ఇదీ ఉన్నది. చూడడానికి ఆయన లేడు. 1983 ఏప్రిల్ 30న పోయాడు.

అదే 2003లో బడ్డీ గై, ఆ దుడుకు కుర్రవాడు, 66 ఏళ్ల వయసులో తానూ కరెంటు గిటారు పక్కన పెట్టి ఒక రికార్డు ఇచ్చాడు. పేరు 'బ్లూస్ సింగర్'. దేని తలపులో ఆ పేరు పెట్టాడో పాఠకులు గ్రహించే ఉంటారు. దానికి గ్రామీ బహుమతి వచ్చింది.

మడ్డీ రికార్డులో చివరి పాట ఇంటికి వెళ్లాలనిపిస్తున్నది అనే అర్థం వచ్చే పాట. 1941లో గుడిసెలో లోమాక్సుకు పాడిన పాటకే అది రూపాంతరం. 1948లో రెండు రోజులలో చెల్లిపోయిన ఆ రికార్డుకు రెండవవైపున ఉన్నదీ అదే. అంటే ఒకే పాటను గుడిసెలో ఒకసారి, నగరంలో కరెంటుతో ఒకసారి, కరెంటు తీసి ఒకసారి పాడాడు. మూడూ ఇప్పుడు దొరుకుతున్నవి. మేము మూడూ వరుసగా విన్నాము. ఏది అసలైనదని స్టేషను మాస్టరుగారు అడిగితే మేము చెప్పలేము. మొదటిదానిలో ఊళ్లోనే ఉన్నవాడు ఇంటికి పోతానంటున్నాడు. మూడవదానిలో ఇల్లు చాలా దూరం. ఆ గుడిసెను కూడా తోటలోనుంచి తీసి క్లార్క్స్‌డేల్ ఊళ్లోని సంగ్రహశాలలో పెట్టారు.

ఈ మాటలన్నీ మొన్న మామ్మగారింటికి వెళ్లినప్పుడు చెప్పి, ఫోనులో మొదటి పాట వినిపించాము. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా విన్నారు. భాష తెలియకపోయినా మధ్యలో రెండుసార్లు "ఊ" అన్నారు. "ఉగాదినాడు మైకు లేకుండా ఎంత బాగా పాడారు మామ్మగారూ" అన్నాము.

"ఏం బాగు నాయనా, మైకు ఉండి ఉంటే మెల్లగా పాడుకుందునుగా. వెనకవాళ్లకు వినపడాలని అరిచి అరిచి మూడు రోజులు గొంతు పూడిపోయింది" అన్నారావిడ.

వచ్చే సభకు మైకు సెట్టు రెండు రోజుల ముందే తెప్పించి చూసుకోవాలని కార్యదర్శిగారికి చీటీ రాసి ఇచ్చి వచ్చాము.